ఐసును ఎంత వేగంగా నొక్కితే ఎంత బలం? సాయిల్ ల్యాబు సామానుతో మీరే తేల్చుకునే పద్ధతి

ఐసు కంప్రెసివ్ స్ట్రెంగ్త్ (నొక్కితే తట్టుకునే బలం) ఎంత అని అడిగితే ఒక్క అంకె చెప్పి ఊరుకునేవాళ్లను నమ్మకండి. ఎంత చల్లటి ఐసు, ఎంత వేగంగా నొక్కుతున్నారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు లేకుండా ఆ అంకెకు అర్థం లేదు. −10 డిగ్రీల సెల్సియస్ దగ్గర మంచినీటి ఐసును సెకనుకు 10⁻⁷ స్ట్రెయిన్ రేటుతో, అంటే ప్రతి సెకనుకూ తన పొడవులో కోటో వంతు కుంగేలా, నొక్కితే సుమారు 1 మెగాపాస్కల్‌కే లొంగిపోతుంది. అదే ఐసును 10⁻³ రేటుతో నొక్కితే 8 నుంచి 10 మెగాపాస్కళ్ల దాకా నిలబడుతుంది. వేగం ఇంకా పెంచితే బలం పెరగడం ఆగిపోతుంది, చాలాసార్లు తగ్గుతుంది కూడా. కాంక్రీటు క్యూబును పదింతలు వేగంగా నొక్కినా కొద్ది శాతం తేడాయే కనిపిస్తుంది కాబట్టి సివిల్ విద్యార్థులకు ఈ సంగతి మొదట వింతగా ఉంటుంది.

కారణం ఉష్ణోగ్రతలో ఉంది. −10 డిగ్రీలంటే మనకు గడ్డకట్టే చలి, ఐసుకు మాత్రం కరిగే హద్దుకు పది డిగ్రీల దూరం. కెల్విన్‌లలో చూస్తే 263 బై 273, అంటే కరిగే ఉష్ణోగ్రతలో 96 శాతం. ఇనుమును ఆ స్థితికి తేవాలంటే దాదాపు 1470 డిగ్రీలకు వేడి చేయాలి. అంత వేడి ఇనుము భారం కింద పాకినట్టే ఐసు కూడా పాకుతుంది. దీన్నే క్రీప్ అంటాం. నెమ్మదిగా నొక్కితే పాకడానికి వ్యవధి ఉంటుంది, లోపలి స్ట్రెస్ (వైశాల్యం లెక్కన పడే బలం) సర్దుకుంటుంది. వేగంగా నొక్కితే ఆ వ్యవధి ఉండదు. పగుళ్ల కొసల దగ్గర స్ట్రెస్ పోగుపడి పగులు పరుగెత్తుతుంది. మెత్తదనం నుంచి పెళుసుదనానికి మారే ఈ హద్దును, పగులు కొస దగ్గర క్రీప్‌కూ స్ట్రెస్ పోగుపడటానికీ మధ్య పోటీగా 1990 ప్రాంతంలో వివరించింది అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీకి చెందిన ఎర్లండ్ షుల్సన్. మనం చేయబోయే పరీక్షలన్నీ ఆ హద్దును వెతకడానికే.

ఇది కాగితం మీది ఆసక్తి మాత్రమే అనుకోకండి. కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిని ప్రధాన భూభాగంతో కలిపే 12.9 కిలోమీటర్ల కాన్ఫెడరేషన్ వంతెన 1997లో తెరుచుకుంది. దాని స్తంభాలకు నీటిమట్టం దగ్గర శంకువు ఆకారపు కవచాలు కట్టారు. వచ్చి ఢీకొన్న ఐసు పలక ఆ వాలు మీదికి ఎక్కి వంగి విరిగిపోతుంది, నలగాల్సిన పని ఉండదు. వంచితే ఐసు చాలా తక్కువ బలానికే విరుగుతుంది. నిటారు గోడకైతే పూర్తి కంప్రెసివ్ స్ట్రెంగ్త్‌ను తట్టుకోవాలి. 1986 ఏప్రిల్ 12న కెనడాకు ఉత్తరాన బోఫర్ట్ సముద్రంలో మోలిక్‌పాక్ అనే నిటారు గోడల చమురు అన్వేషణ కట్టడాన్ని ఐసు నలుగుతూ ఊపేసింది. కట్టడం లోపల నింపిన ఇసుక కొంత మేర ద్రవంలా మారే దాకా వెళ్లింది. ఐసు నలిగే తీరు దాని వేగంతో మారుతుంది కాబట్టే అలాంటి చోట్ల ఇంజినీర్లు వేగం లేకుండా బలం గురించి మాట్లాడరు.

ముందు కాగితం మీద వేగాలు లెక్కేసుకోండి

కోల్డ్ రూమ్ ఉన్న ల్యాబులు మన దగ్గర అరుదు. అయినా ఏ సివిల్ కాలేజీ సాయిల్ ల్యాబులోనైనా ట్రయాక్సియల్ లోడ్ ఫ్రేమ్ (మట్టి నమూనాను ఎంచుకున్న వేగంతో నొక్కే యంత్రం), 38 మి.మీ. వ్యాసం, 76 మి.మీ. పొడవున్న నమూనాలకు సరిపోయే సెల్లు (నమూనా చుట్టూ ద్రవం నింపే మూసిన పాత్ర), నమూనాకు తొడిగే రబ్బరు మెంబ్రేన్లు ఉంటాయి. వాటికి తోడు ఒక చెస్ట్ ఫ్రీజర్ సంపాదిస్తే పని మొదలుపెట్టవచ్చు.

స్ట్రెయిన్ రేటు అంటే నొక్కే వేగాన్ని నమూనా పొడవుతో భాగించడమే. 76 మి.మీ. నమూనాకు 10⁻³ రేటు కావాలంటే ఫ్రేమ్ నిమిషానికి 4.56 మి.మీ. కదలాలి. 10⁻⁴కు 0.456, 10⁻⁵కు 0.0456. సీబీఆర్ పరీక్షకు (రోడ్డు కింది మట్టి బలం చూసే పరీక్ష) వాడే నిమిషానికి 1.25 మి.మీ. వేగం దాదాపు 2.7 × 10⁻⁴ అవుతుంది. అంటే మీ ఫ్రేమ్ మామూలుగా తిరిగే వేగమే ఆ హద్దుకు దగ్గరలో ఉంది, అదృష్టం. 10⁻² కావాలంటే నిమిషానికి 45 మి.మీ. పైన పోవాలి. అది సాయిల్ ఫ్రేమ్‌తో కాదు, మెటీరియల్స్ ల్యాబులో యూటీఎం (యూనివర్సల్ టెస్టింగ్ మెషీన్) అడగండి.

ఎంతసేపు పడుతుందో కూడా రాసుకోండి. ఒక శాతం స్ట్రెయిన్ చేరడానికి 10⁻² దగ్గర ఒక సెకను, 10⁻³ దగ్గర పది సెకన్లు, 10⁻⁵ దగ్గర 17 నిమిషాలు. 10⁻⁶ అయితే రెండు ముప్పావు గంటలు. నమూనాను ఒకే చలిలో ఎంతసేపు నిలపగలరన్నదే మీ కింది హద్దు. ఫ్రేమ్ మీద 10⁻⁵ కంటే కిందికి దిగాలని పట్టుబట్టకండి. ఆ వైపుకు వేరే దారి ఉంది, తర్వాత చెబుతాను.

భారం సంగతి. 38 మి.మీ. వ్యాసానికి అడ్డుకోత వైశాల్యం 1134 చదరపు మి.మీ. 10 మెగాపాస్కళ్లు రావాలంటే 11.3 కిలోన్యూటన్లు కావాలి. మట్టి పరీక్షకు ఫ్రేమ్‌కు బిగించి ఉండే 1, 2 కిలోన్యూటన్ల ప్రూవింగ్ రింగు (తాను ఎంత కుంగిందో దాన్నిబట్టి భారం చెప్పే ఉక్కు వలయం) దీనికి పనికిరాదు, తీసేయండి. కనీసం 20 కిలోన్యూటన్ల లోడ్ సెల్ (భారాన్ని ఎలక్ట్రానిక్‌గా కొలిచే గట్టి పరికరం) పెట్టండి. రింగు కాకుండా లోడ్ సెల్లే ఎందుకన్నది కింద ఒక పెద్ద విషయం.

కాంక్రీటు క్యూబుల యంత్రంతో కానిద్దామనే ఆలోచన వస్తే ఆపేయండి. అందులో నిమిషానికి చ.సెం.మీ.కు 140 కిలోల చొప్పున భారం పెంచుతాం. అది స్ట్రెస్ పెరిగే వేగం, స్ట్రెయిన్ పెరిగే వేగం వేరు. ఐసు ఎలాస్టిక్ మాడ్యులస్ (స్ట్రెస్‌ను స్ట్రెయిన్‌తో భాగిస్తే వచ్చే బిగువు) 9 గిగాపాస్కళ్ల దగ్గర పెట్టుకుంటే ఆ పరీక్ష మొదట్లో దాదాపు 2.5 × 10⁻⁵ రేటుతో నడుస్తుంది. స్ట్రెస్ పెరిగేకొద్దీ క్రీప్ తోడై రేటు ఎక్కడికో పోతుంది. చివరికి ఏ రేటు దగ్గర బలం కొలిచారో మీకే తెలియదు.

ఐసు తయారీ

చేపల రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీలో పెద్ద దిమ్మ చవగ్గా దొరుకుతుంది. కోసి వాడుకుందామని అనిపిస్తుంది, కానీ వద్దు. ఉప్పునీటి తొట్టెలో ముంచిన డబ్బాల్లో నీరు గోడల నుంచి లోపలికి గడ్డకడుతుంది. గాలి, మలినాలు మధ్యకు నెట్టుకుపోయి తెల్లటి గుండెకాయలా మిగులుతాయి. అంచున ఒక రకం ఐసు, మధ్యలో ఇంకో రకం. మనకు అంతటా ఒకేలా ఉండే చిన్న రేణువుల ఐసు కావాలి.

నీటిని బాగా మరిగించి, మూత పెట్టి చల్లార్చండి. కరిగిన గాలి చాలావరకు పోతుంది. డిస్టిల్డ్ వాటర్ అయితే మరీ మంచిది. ఆ నీటిలో కొంత ట్రేలో గడ్డకట్టించి, పొడి చేసి, ముందే ఫ్రీజర్‌లో చల్లబరిచిన జల్లెడలతో జల్లించండి. 2.36 మి.మీ. జల్లెడలోంచి జారి 1.18 జల్లెడ మీద ఆగిన పలుకులే కావాలి. నమూనా వ్యాసం రేణువు కంటే పదింతలైనా ఉండాలన్నది ఇక్కడ పాటించే నియమం. 38 మి.మీ.కు ఈ పలుకులు హాయిగా సరిపోతాయి.

38 మి.మీ.కు దగ్గరి లోపలి వ్యాసం ఉన్న పీవీసీ పైపును 100 మి.మీ. ముక్కలుగా కోయండి. ఒక పక్క నిలువునా రంపంతో చీల్చి, టేపు చుట్టి క్లిప్పు బిగించండి. తర్వాత నమూనా బయటికి తీయడానికి ఆ చీలికే దారి. ముక్కను ఫ్రీజర్‌లో లోహపు పలక మీద నిలబెట్టి, పక్కలకు మందంగా థర్మాకోల్ చుట్టి, పలుకులు నింపి, సరిగ్గా సున్నా డిగ్రీల నీటిని సన్నని గొట్టంతో అడుగు నుంచి పైకి పోయండి. పై నుంచి పోస్తే బుడగలు లోపలే ఇరుక్కుంటాయి. చల్లదనం అడుగు నుంచే ఎక్కాలి, పైభాగం తెరిచే ఉండాలి. నీరు గడ్డకట్టినప్పుడు ఘనపరిమాణం తొమ్మిది శాతం పెరుగుతుంది. ఆ పెరుగుదలకు పైకి దారి లేకపోతే నమూనా పైపులోనే చిట్లుతుంది.

పూర్తిగా గడ్డకట్టాక తీసి, రెండు కొసలూ రంపంతో కోసి 77 మి.మీ.కు తేండి. మిగిలిన మిల్లీమీటరు కొసలు చదును చేయడానికి. గది వేడిలో ఉన్న మందపాటి అల్యూమినియం పలక మీద కొసను రెండు క్షణాలు తేలిగ్గా తిప్పితే చదునవుతుంది. వెంటనే ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక సన్నని ఎమరీ కాగితంతో ముగించండి. మూలమట్టం ఆనించి చూడండి. కొస, మట్టానికి మధ్య వెలుతురు కనిపిస్తే మళ్లీ చేయాల్సిందే. ఈ పని విసుగ్గా ఉంటుంది, అయినా పెళుసు వైపు పరీక్షల్లో సగం చెత్త అంకెలు వంకర కొసల వల్లే వస్తాయి. ఒక మూల ముందు తగిలితే అక్కడే పగులు మొదలవుతుంది.

తూకం వేయండి. 38 × 76 నమూనా ఘనపరిమాణం 86.2 ఘ.సెం.మీ. బుడగలు లేని ఐసు సాంద్రత ఘ.సెం.మీ.కు 0.917 గ్రాములు కాబట్టి 79 గ్రాములు తూగాలి. 77 కంటే తక్కువ వస్తే గాలి ఎక్కువ చిక్కింది, పక్కన పెట్టేయండి. మంచి వాటిని పాలిథీన్‌లో గట్టిగా చుట్టి, పరీక్ష జరిపే ఉష్ణోగ్రత దగ్గర ఒక రోజంతా ఉంచండి. చుట్టకపోతే ఐసు ఆవిరైపోయి వ్యాసం తగ్గుతుంది.

చలి నిలబెట్టడం

మామూలు ఫ్రీజరు −18 దగ్గర ఉంటుంది. మనకు −10 కావాలి కాబట్టి బయటి నుంచి డిజిటల్ థర్మోస్టాట్ తగిలించండి. పైన, కింద ఆనించే పలకలనూ నమూనాతో పాటు రాత్రంతా ఫ్రీజర్‌లోనే ఉంచాలి. గది వేడిలో ఉన్న ఉక్కు పలక తగిలితే ఐసు కొస కరిగి సన్నని నీటి పొర ఏర్పడుతుంది. ఆ పొర మీద జారుతూ నలిగిన నమూనా బలం ఎంతో ఎవరికి కావాలి?

ట్రయాక్సియల్ సెల్లును ఇక్కడ చలిపెట్టెగా వాడుకోండి. నమూనాకు రబ్బరు మెంబ్రేన్ తొడిగి, రింగులు బిగించి, సెల్లులో పీడనం లేకుండా, ముందే −10కి చల్లబరిచిన కారు కూలెంటు, నీరు సగం సగం కలిపి పోయండి. సెల్లు బయట థర్మాకోల్ చుట్టండి. మెంబ్రేన్‌కు చిల్లి లేదని ముందే చూసుకోవాలి, కూలెంటు తగిలితే ఐసు కరిగిపోతుంది. అది విషం కూడా, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి. డ్రై ఐసు (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) వాడాలనే ఆలోచన వద్దు. −78 డిగ్రీల చలి తగిలిన ఐసు నొక్కకముందే లోపల చిట్లుతుంది.

ఒక ఉత్తుత్తి నమూనా నడిమధ్య చిన్న ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టి గడ్డకట్టించండి. దాన్ని అసలు నమూనాలాగే సెల్లులో బిగించి, భారం లేకుండా వదిలి, ఎన్ని నిమిషాలకు ఒక డిగ్రీ పెరిగిందో చూడండి. మీ పరీక్ష అంతకన్నా ముందే ముగియాలి. వేసవి మధ్యాహ్నం విశాఖలోనో కాకినాడలోనో ఏసీ లేని ల్యాబులో ఈ పని పెట్టుకుంటే తేమ ప్రతి చల్లటి లోహం మీదా మంచుగా పేరుకుంటుంది. ఉదయాన్నే చేయండి.

నొక్కడం, అందులోని అసలు చిక్కు

గేరు పెట్టి స్విచ్ వేస్తే ఆ వేగంతోనే నమూనా కుంగుతుందని అనుకుంటాం. కానీ ఫ్రేము కదలికలో ఎక్కువ భాగాన్ని యంత్రమే మింగేస్తుంది. ఉదాహరణకు 50 కిలోన్యూటన్ల ప్రూవింగ్ రింగు పూర్తి భారానికి 2 మి.మీ. కుంగుతుందనుకుందాం. నమూనా మీద 5 మెగాపాస్కళ్లు, అంటే 5.67 కిలోన్యూటన్లు, వచ్చేసరికి రింగు 0.23 మి.మీ. కుంగి ఉంటుంది. ఐసు ఎలాస్టిక్‌గా కుంగేది 0.042 మి.మీ. మాత్రమే. ఫ్రేము కదిలిన 0.27లో ఐసుకు దక్కింది ఆరో వంతు. మీరు 10⁻³ అని రాసుకున్న పరీక్ష, భారం పెరుగుతున్నంతసేపూ 1.6 × 10⁻⁴ దగ్గరే నడిచింది.

మెత్తటి వైపు ఈ లోపం దానంతటదే సర్దుకుంటుంది. భారం శిఖరానికి చేరి నిలిచిన క్షణంలో రింగు ఇక కుంగదు కాబట్టి ఫ్రేము వేగమంతా ఐసుకే వెళ్తుంది. శిఖరం దగ్గర రేటు మీరు అనుకున్నదే. పెళుసు వైపు ఆ వెసులుబాటు లేదు. అక్కడ నమూనా భారం ఇంకా పెరుగుతూ ఉండగానే పగులుతుంది, అప్పటి రేటు మీ లెక్కకు ఆరింతలు తక్కువ. పైగా రింగులో దాగిన శక్తి అంతా ఒక్కసారిగా విడుదలై ముక్కలు ఎగురుతాయి. అందుకే గట్టి లోడ్ సెల్ పెట్టమన్నది. కుంగుదలను కూడా ఫ్రేము మీద కాకుండా రెండు పలకల మధ్య, పట్టుకునే కడ్డీలు బిగించి, డయల్ గేజీతో కొలవండి. రిపోర్టులో ఆ గేజీ చెప్పిన రేటే రాయండి, గేరు మీద ఉన్న అంకె కాదు.

10⁻³ దాటాక పరీక్ష కొన్ని సెకన్లలో అయిపోతుంది. కంటితో డయల్ చదవలేరు. ఫోనును స్టాండుకు బిగించి స్లో మోషన్‌లో లోడ్ సెల్ డిస్‌ప్లే, డయల్ రెండూ ఒకే ఫ్రేములో పడేలా తీయండి. డిస్‌ప్లే సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో కూడా చూడండి. అది నెమ్మదిగా ఉంటే శిఖరం కనిపించకుండా పోతుంది, అప్పుడు డేటా లాగర్ తప్పదు. కళ్లద్దాలు, ముందు పాలీకార్బొనేట్ అడ్డు, ఈ రెండూ లేకుండా వేగం పెంచకండి.

రేట్ల క్రమాన్ని కలగాపులగం చేయండి. ఉదయమంతా నెమ్మది, సాయంత్రమంతా వేగం అని పెట్టుకుంటే గది వేడి మార్పు కూడా మీ గ్రాఫులో వేగం ప్రభావంలా కనిపిస్తుంది. మెత్తటి వైపు ఒక్కో రేటుకు ఐదు నమూనాలు చాలు, పెళుసు వైపు పదైనా కావాలి. అక్కడ అంకెలు చెల్లాచెదురుగా వస్తాయి, ఎందుకంటే ఒక్కో నమూనాలో ఉన్న పెద్ద లోపమే దాని రాత రాస్తుంది.

ప్రతి నమూనా ఎలా పోయిందో ఫొటో తీసి పేరు పెట్టండి. మరీ నెమ్మదైతే పగుళ్లు లేకుండా, పారదర్శకంగానే ఉండి ఉబ్బుతుంది. కొంచెం వేగమైతే లోపల వేల చిన్న పగుళ్లు పుట్టి పాలలా తెల్లబడుతుంది, కానీ విడిపోదు, శిఖరం తర్వాత భారం మెల్లగా దిగుతుంది. హద్దు దాటితే టప్‌మని నిలువునా చీలడమో, ఏటవాలుగా తెగడమో జరిగి భారం ఒక్కసారిగా సున్నాకు పడుతుంది.

మరీ నెమ్మది వైపు: భారం వేలాడదీసి చూడండి

10⁻⁶, 10⁻⁷ రేట్లకు మోటారు అక్కర్లేదు. నిలకడ భారం పెట్టి ఐసు ఎంత వేగంగా పాకుతుందో చూస్తే అదే సమాచారం తిరగేసి వస్తుంది. ఒక స్ట్రెస్ దగ్గర క్రీప్ రేటు ఎక్కడ కనిష్ఠానికి చేరుతుందో, ఆ రేటుతో నొక్కినప్పుడు దాదాపు అదే స్ట్రెస్ శిఖరంగా వస్తుంది. ఆ కనిష్ఠం ఒక శాతం స్ట్రెయిన్ దగ్గర వస్తుంది.

చెస్ట్ ఫ్రీజర్‌లోనే 10:1 మీట బిగించండి. 2 మెగాపాస్కళ్లకు నమూనా మీద 231 కిలోల భారం కావాలి, మీట కొసన 23 కిలోలు వేలాడదీస్తే సరిపోతుంది. −10 దగ్గర దాదాపు 6 × 10⁻⁷ రేటు రావాలి, ఒక శాతానికి నాలుగున్నర గంటలు పడుతుంది. 1 మెగాపాస్కల్‌కు రేటు ఎనిమిదింతలు తగ్గి 8 × 10⁻⁸ దగ్గర ఉంటుంది, అంటే ఒకటిన్నర రోజు. మధ్యలో కరెంటు పోతే ఆ పరీక్ష వృథా. ఇన్వర్టరు లేని ల్యాబులో 1 మెగాపాస్కల్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఎనిమిదింతలు ఎందుకంటే రేటు స్ట్రెస్ మూడో ఘాతంతో పెరుగుతుంది. 1950లలో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ గ్లెన్ ప్రయోగాల నుంచి వచ్చిన ఈ సూత్రంతోనే ఈ రోజుకీ హిమానీనదాల ప్రవాహాన్ని లెక్కిస్తున్నారు. దాన్నే మన వైపు తిప్పితే, రేటు పదింతలైతే బలం పది ఘనమూలం మేర, అంటే 2.15 రెట్లు పెరగాలి.

గ్రాఫు గీయడం

రెండు అక్షాలూ లాగరిథమ్‌లో పెట్టండి. అడ్డంగా గేజీతో కొలిచిన రేటు, నిలువుగా శిఖర స్ట్రెస్. మెత్తగా పోయినవాటికి నిండు చుక్క, పెళుసుగా పగిలినవాటికి ఖాళీ చుక్క. నిండు చుక్కల గుండా గీత గీస్తే వాలు మూడో వంతు దగ్గర రావాలి. 0.25 నుంచి 0.35 మధ్య ఉంటే మీ పని బాగానే సాగినట్టు. అంతకన్నా బాగా తక్కువ వస్తే మొదట ఉష్ణోగ్రతను అనుమానించండి, తర్వాత కొసలను. నెమ్మది పరీక్షలు మొదట్లో, వేగమైనవి చివర్లో చేసి ఉంటే మరీ అనుమానించండి.

రెండు రకాల చుక్కలను కలిపి సగటు తీయకండి. 10⁻³ దగ్గర కొన్ని నమూనాలు ఉబ్బుతాయి, కొన్ని పగులుతాయి. వాటి సగటు ఏ ఐసు బలమూ కాదు. ఖాళీ చుక్కలు ఎక్కడ మొదలవుతాయో ఆ రేటును హద్దుగా గుర్తించి, దాని చుట్టూ ఒకటి రెండు రేట్లు అదనంగా పరీక్షించండి. మంచినీటి చిన్న రేణువుల ఐసుకు −10 దగ్గర అది 10⁻⁴, 10⁻³ మధ్య పడుతుంది.

సమయం మిగిలితే ఇంకో జత చేయండి. 4.75 జల్లెడ మీది పెద్ద పలుకులతో చేసిన నమూనాల హద్దు ఎడమకు, అంటే తక్కువ రేటు వైపు జరగాలి. అయితే పదింతల నియమం కోసం వాటికి పెద్ద వ్యాసం పైపు వాడాలి, భారం లెక్క మళ్లీ వేసుకోవాలి. నీటిలో కొద్దిగా ఉప్పు కలిపితే క్రీప్ సులువై హద్దు కుడికి జరుగుతుంది. −20 దగ్గర చేస్తే మెత్తటి వైపు బలం పెరుగుతుంది, హద్దు మళ్లీ ఎడమకు వస్తుంది. ఈ మూడింటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను −20 తీసుకుంటాను. థర్మోస్టాట్ తిప్పితే చాలు, నమూనా తయారీలో ఏదీ మార్చనక్కర్లేదు.